నర్తకి నుంచి గురువు, నృత్య దర్శకురాలు దాకా: కూచిపూడిలో అసలు పని ఎక్కడ మొదలవుతుంది?

అడుగుజాడ

కూచిపూడిలో డిప్లొమా అయి, రంగప్రవేశం అయి, ఇరవై ముప్పై ప్రదర్శనలు చేసిన నర్తకి ఉందనుకుందాం. వయసు 25, 30 మధ్య. సొంత క్లాసు పెట్టాలి, సొంతంగా అంశాలు కూర్చుకోవాలి. ముందు ఏది నేర్చుకోవాలి, ఏది తర్వాత? "బాగా ఆడితే చాలు, నేర్పడం అదే వస్తుంది" అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అది ఎంతవరకు నిజం? సలహాలు కాకుండా పని వివరాలు కావాలి. జతుల (అడుగులకి కట్టిన తాళపు పలుకుల వరసల) లెక్క, నేల, డబ్బు, కాగితాలు, ఏదైనా సరే.

---

కంచుతాళం

అదే రాదండీ. ఆడేటప్పుడు తాళం కాళ్లలో ఉంటుంది. నేర్పేటప్పుడు అది నోట్లోకి, చేతుల్లోకి రావాలి. ఈ రెంటి మధ్య కనీసం రెండేళ్ల సాధన ఉంది. కాబట్టి మొదటిది నట్టువాంగం, అంటే తాళాలు వాయిస్తూ జతులు నోటితో చెప్పి నాట్యాన్ని నడిపించడం.

ఎలా మొదలుపెట్టాలంటే: తను ఇప్పటికే ఆడిన ఒక జతిస్వరం తీసుకోవాలి. కాలు కదపకుండా కూర్చుని, చేత్తో తాళం వేస్తూ సొల్లులన్నీ ("తకిట" లాంటి తాళపు పలుకులు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో చెప్పాలి. తర్వాత కంచు తాళాలు చేత పట్టి అదే పని. ఆ తర్వాత ఎదురుగా ఒకరు ఆడుతుంటే చెప్పాలి. చాలామంది చతికిలపడేది ఈ మూడో మెట్టులోనే. ఆడే పిల్ల కాలు కాస్త వెనకబడితే నట్టువాంగం చెప్పేవాళ్లకి తెలియకుండానే లయ తగ్గిపోతుంది. పిల్ల తాళాన్ని పట్టుకోవాల్సింది పోయి, తాళం పిల్లని పట్టుకుంటుంది. మృదంగం వాయించేవారు అప్పుడు ఎవరి ముఖం చూడాలి?

రెండోది ముక్తాయి (జతిని ముగించే ముక్క) లెక్క. ఆది తాళం ఒక ఆవర్తనం (చుట్టు) 8 క్రియలు (చేతి లెక్కలు), చతురశ్ర నడకలో క్రియకి 4 చొప్పున 32 మాత్రలు. ఒక పదబంధాన్ని మూడుసార్లు చెప్పి, మధ్యలో రెండుసార్లు విరామం ఇస్తే, మూడు బంధాలూ రెండు విరామాలూ కలిసి 32 రావాలి. "తకిట తధిగిణతొం" 8 మాత్రలు. విరామం 4. మొత్తం 8+4+8+4+8, సరిగ్గా 32. బంధం 10 అయితే విరామం 1. బంధం 6 అయితే విరామం 7, కానీ అంత ఖాళీలో నర్తకి ఏం చేస్తుందో ముందే ఆలోచించుకోవాలి, లేకపోతే స్తంభంలా నిలబడాలి. ఈ లెక్క కాగితం మీద కాకుండా వేళ్ల మీద వచ్చే దాకా సొంత జతి జోలికి పోకూడదు.

---

ఎత్తుగడ

కంచుతాళం గారు చెప్పింది సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద మొదలయ్యే పాటకి సరిపోతుంది. కొత్తగా కంపోజ్ చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది సమం తప్పించి ఎత్తుకునే పాటల దగ్గర.

ఆది తాళంలో బోలెడు కృతులు సమం దాటాక ఒకటిన్నర క్రియకి, అంటే 6 మాత్రల తర్వాత ఎత్తుకుంటాయి. వేరే అంశంలోంచి ఒక మంచి జతి తెచ్చి ఇక్కడ అతికిస్తారు. ఆ జతి సమానికి ముగుస్తుంది. పాట ఇంకా 6 మాత్రల దూరంలో ఉంటుంది. నర్తకి భంగిమలో ఆగిపోతుంది, మృదంగం ఆ 6 మాత్రలూ ఏదో ఒకటి పూరిస్తుంది, చూసేవాళ్లకి మెట్టు తప్పినట్టు ఉంటుంది.

సరిచేసే దారులు రెండు. ముక్తాయిని సమం దగ్గర మొదలుపెడితే మొత్తం 38 రావాలి. బంధం 10, విరామం 4 పెట్టండి: "తధిగిణతొం తధిగిణతొం", 4 ఆపు, మళ్లీ అదే, 4 ఆపు, మళ్లీ అదే. 30+8, 38. చివరి "తొం" పూర్తవగానే పల్లవి అందుకుంటుంది. లేదంటే పాత 32 మాత్రల ముక్తాయినే ఉంచి, దాన్ని ఎత్తుగడ (పాట ఎత్తుకునే) చోట మొదలుపెట్టవచ్చు. కానీ అప్పుడు జతి ముందు భాగం కూడా 6 మాత్రలు జరగాలి. ఆ సంగతి మరిచిపోయి చివర మాత్రమే జరిపితే మధ్యలో ఎక్కడో 6 మాత్రలు వేలాడుతుంటాయి. సమం దగ్గర మొదలై నాలుగు ఆవర్తనాలు నడిచి ఎత్తుగడ మీద పడే జతి అయితే మొత్తం 134. ముందు భాగం 96, ముక్తాయి 38. ఈ అంకెలు నోటు పుస్తకంలో జతి పక్కన రాసుకోవాలి. ఐదేళ్ల తర్వాత అదే జతి వేరే పాటకి వాడాలనిపిస్తే అప్పుడు పనికొచ్చేవి ఈ అంకెలే.

---

అడుగుజాడ

నట్టువాంగానికి వేరే వాళ్లని పిలిపించుకుంటే? చాలామంది అలాగే చేస్తున్నారు కదా.

---

కంచుతాళం

ప్రదర్శనకి పిలిపించుకోవచ్చు, తప్పులేదు. క్లాసులో రోజూ ఎవరు చెబుతారు? ఫోన్‌లో రికార్డు పెట్టి నేర్పిన పిల్లలకి ఒక జబ్బు వస్తుంది: రికార్డులో ఉన్న వేగంలో తప్ప ఇంకో వేగంలో ఆడలేరు. ప్రదర్శన రోజు గాయని గొంతు బాగా పలికి కాస్త నిదానంగా ఎత్తుకుంటే అరమండిలో (మోకాళ్లు పక్కలకి విచ్చి సగం కూర్చున్న భంగిమలో) నిలవలేక పైకి లేచిపోతారు. నట్టువాంగం రాకుండా గురువు అనిపించుకోవడం నా దృష్టిలో కుదరదు. కటువుగా ఉంటే ఉండనివ్వండి.

---

వేదికవెనక

తాళం సంగతి పెద్దలు చెప్పారు. నేను చోటు గురించి చెబుతాను. ఒంటరిగా ఆడి అలవాటైన నర్తకి బృందానికి కూర్చేటప్పుడు చేసే తప్పులన్నీ అక్కడే కనిపిస్తాయి.

వేదిక 40 అడుగుల వెడల్పు అనుకోండి. సాదా నడకలో ఒక్కో అడుగు సుమారు 2 అడుగుల దూరం. ఈ పక్క నుంచి ఆ పక్కకి 20 అడుగులు వెయ్యాలి. క్రియకి ఒక అడుగు వేస్తే 20 క్రియలు, అంటే రెండున్నర ఆవర్తనాలు. నిమిషానికి 60 క్రియల వేగంలో అది 20 సెకన్లు. మధ్యలో నుంచి పక్కకి వెళ్లాలన్నా 10 అడుగులు వెయ్యాలి. ఇంట్లో హాల్లో కూర్చినప్పుడు నాలుగు అడుగుల్లో గోడ వచ్చేస్తుంది కాబట్టి నిష్క్రమణకి ఒక ఆవర్తనం చాలనుకుంటారు. వేదిక మీద తర్వాతి పాత్ర వచ్చేస్తుంది, ముందు పాత్ర ఇంకా పరుగెడుతూ ఉంటుంది. అందుకే మొదటి రోజే నేల మీద సుద్దతో అసలు వేదిక కొలత గీసుకోండి. చోటు చాలకపోతే సగం వేదిక గీసి సగమే సాధన చెయ్యండి. కొలత కుదించి మాత్రం చెయ్యొద్దు.

వరస సంగతి. రెండు చేతులూ చాచి నిలబడే మనిషికి 5 అడుగులు కావాలి. పక్క తెరల దగ్గర చెరో 4 అడుగులు వదిలితే 40లో మిగిలేది 32. అందులో ఆరుగురు పడతారు. ఎనిమిది మందిని ఒకే వరసలో నిలబెడితే చేతులు ముడుచుకుని ఆడతారు. నాలుగు, నాలుగు చొప్పున రెండు వరసలు, వెనక వరస ముందు వాళ్ల సందుల్లో. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది. తీరా వేదిక ఎక్కాక వెనక వరస ఎత్తు తక్కువ పిల్లలది అయి ఉంటుంది.

రికార్డింగ్ గురించి ఒక మాట. గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు విడివిడి ట్రాకులుగా తీసుకోండి. అన్నీ కలిపేసిన ఒక్క ఫైలు తెచ్చుకుంటే, హాల్లో నట్టువాంగం వినిపించనప్పుడు దాన్ని ఒక్కదాన్నీ పెంచడానికి దారి ఉండదు. మొదట్లో అర ఆవర్తనం తాళం వినిపించాలి, ఎత్తుకోవడానికి. ఇంకొకటి: రికార్డు చేసే రోజు నర్తకి స్టూడియోలో ఉండి, కనీసం కూర్చునైనా, చేతులతో ఆడి చూసుకోవాలి. గాయకులకి అనువైన వేగం వేరు, మోకాళ్లకి అనువైన వేగం వేరు.

---

మోకాలిచిప్ప

వేగం, మోకాళ్లు అన్నారు కాబట్టి నా వంతు. క్లాసు పెట్టేవాళ్లు అద్దాలకి ఖర్చు పెడతారు, నేలకి పెట్టరు. గచ్చు మీద అతికించిన టైల్సు, గ్రానైటు, ఇవి కాలి కింద ఏమాత్రం వంగవు. ప్రతి తట్టూ తిరిగి ఎముకలోకి వస్తుంది. ముందు మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంట నొప్పి. పట్టించుకోకుండా ఆడితే ఎముకలో సన్నని పగులు దాకా పోతుంది. పిల్లల కంటే ముందు గురువుకే వస్తుంది, ఎందుకంటే పిల్లలు వారానికి రెండు గంటలు ఆ నేల మీద ఉంటే గురువు ఇరవై గంటలు ఉంటుంది.

అద్దె గదిలో కూడా చేసుకోగల పద్ధతి: నేల మీద అడుగున్నర దూరానికొకటి దట్టమైన రబ్బరు ముక్కలు, వాటి మీద 18 మి.మీ. ప్లైవుడ్, దాని మీద కీళ్లు ఒకదాని మీద ఒకటి పడకుండా అడ్డంగా ఇంకో పొర. రెండు పొరలూ మరలతో బిగించాలి, మర తలలు లోపలికి దిగాలి, లేకపోతే ఉత్త పాదానికి గీసుకుంటాయి. నున్నటి వార్నిష్ వద్దు, చెమట పడితే జారుతుంది. ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు.

చోటు లెక్క: పెద్దవాళ్లకి మనిషికి 6 అడుగుల చదరం, అంటే 36 చదరపు అడుగులు. 20×15 గదిలో లెక్క ప్రకారం ఎనిమిది మంది పడతారు. గురువు నిలబడే చోటు, తలుపు తీస్తే పోయే చోటు తీసేస్తే ఆరుగురు. అదే గదిలో ఇరవై మందిని పెట్టి అరమండి సరిచేస్తున్నామనుకోవడం మాటవరసకే.

అరమండిలో చూడాల్సింది ఒకటే: మోకాలు కాలి రెండో వేలు వైపు ఉందా, లేదా. విచ్చుకోవడం తుంటి దగ్గర జరగాలి. పాదాలు రెండూ బలవంతంగా ఒకే గీతలోకి తిప్పించి, తుంటి అంత తిరగని పిల్లని కిందకి కూర్చోమంటే ఆ మెలిక మోకాలు మోస్తుంది, పాదం లోపలి వంపు నేలకి అతుక్కుంటుంది. అలాంటి పిల్లకి పాదాలు పక్కలకి కొంచెం తక్కువగా తిప్పి, తక్కువ లోతులో నిలబెట్టాలి. ఆరేడేళ్ల పిల్లలకి 45 నిమిషాలు చాలు. 11, 14 ఏళ్ల మధ్య పొడుగు సాగే దశలో నిన్న వచ్చిన అడవు (మూల అడుగు) ఇవాళ రాదు. ఎముక సాగినంత తొందరగా కండరం సాగదు. అది బద్ధకం కాదు. ఆ ఏడాది గెంతులు తగ్గించి అభినయం పెంచితే సరిపోతుంది.

---

పళ్లెం_అంచు

తరంగం (పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం) ఎప్పుడు నేర్పాలి? తల్లిదండ్రులు రెండో ఏడాదికే పళ్లెం అడుగుతున్నారు.

---

మోకాలిచిప్ప

ఏళ్లు లెక్కపెట్టకండి, కాలు చూడండి. ఒంటికాలి మీద మడమ ఎత్తి వరసగా ఇరవై సార్లు లేచి దిగగలగాలి, చీలమండ పక్కలకి ఊగకుండా. తర్వాత పళ్లెం లేకుండా బరువు మడమ నుంచి వేళ్లకి, కుడి నుంచి ఎడమకి మార్చే సాధన. ఆ తర్వాతే అంచు, అది కూడా గోడకి కట్టిన కడ్డీ పట్టుకుని. తివాచీ మీద పళ్లెం కదలదు, పాలిష్ గ్రానైటు మీద ఆగదు. అద్దెకి తీసుకున్న ఫంక్షన్ హాళ్లలో ఈ రెండే ఉంటాయి, అందుకని ముందు రోజు పళ్లెం తీసుకెళ్లి చూసుకోవడం మంచిది.

---

ఓరుగల్లు_పిలగాడు

గిదంత సరే గని, సర్టిఫికెట్ల ముచ్చట ఎవ్వరు జెప్తలేరు. సర్కారు కొలువు గావాల్నంటే ఎట్ల?

---

దరువు

చెబుతాను. ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు హైదరాబాదు రాంకోఠీలో త్యాగరాజ, సికింద్రాబాదులో భక్త రామదాసు, విజయవాడలో ఘంటసాల, విజయనగరంలో మహారాజా. చివరిది 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాలుగా మొదలైంది. వీటిలో సర్టిఫికెట్, ఆపైన డిప్లొమా. కూచిపూడి గ్రామంలోనే సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది. పీజీ అయితే తెలుగు విశ్వవిద్యాలయం, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలు. కాలేజీలో అధ్యాపక ఉద్యోగానికి పీజీ తర్వాత నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయాలి. నృత్యం, నాటకం కలిపి ఒకే పేపరు, సబ్జెక్టు సంఖ్య 65. కూచిపూడి మాత్రమే చదివి వెళితే సగం ప్రశ్నలు కొత్తగా ఉంటాయి. నాట్యశాస్త్రం, మిగతా శాస్త్రీయ నృత్యాలు, పాశ్చాత్య నాటకం అన్నీ వస్తాయి.

కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలు వయసుని బట్టి ఉంటాయి. 18 నుంచి 25 దాకా యువ కళాకారుల స్కాలర్‌షిప్, నెలకి 5,000, రెండేళ్లు. 25 నుంచి 40 దాకా జూనియర్ ఫెలోషిప్, నెలకి 10,000. 40 దాటితే సీనియర్, నెలకి 20,000. ఫెలోషిప్‌కి ప్రదర్శన ఫోటోలు కాదు, పరిశోధన ప్రతిపాదన కావాలి. "కూచిపూడి వైభవం" అని రాస్తే పక్కన పెడతారు. "భామాకలాపంలో జడ ఘట్టం: మూడు మేళాల పాఠాల్లో తేడాలు" అని రాస్తే చదువుతారు.

ఇక నృత్య దర్శకత్వానికొస్తే, కాగితం అక్కర్లేదు, జట్టు కావాలి. వెంపటి చినసత్యం గారి దారి చూడండి. కూచిపూడిలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి వంటి గురువుల దగ్గర నేర్చుకుని మద్రాసు వెళ్లారు. అక్కడ సినిమాల్లో వెంపటి పెదసత్యం గారి దగ్గర పనిచేశారు. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అకాడమీ నృత్య నాటకాలు నిలబడ్డాయంటే ఒక్క అడుగుల బలమే కాదు. చాలావాటికి రచన భుజంగరాయ శర్మ గారిది, సంగీతం పట్రాయని సంగీతరావు గారిది. పాట రాసేటప్పుడే ఇక్కడ ప్రవేశ దరువు (పాత్ర రంగం మీదికి వచ్చే పాట), ఇక్కడ సంవాదం, ఇక్కడ జతికి చోటు అని ముగ్గురి మధ్యా తేలిపోయేది. ఇవాళ చాలామంది ఏం చేస్తున్నారంటే, పాట రాయించి, ట్యూను కట్టించి, రికార్డు చేయించాక దానికి అడుగులు వెతుకుతున్నారు. జతికి చోటు లేదని అప్పుడు గుర్తొస్తుంది. చరణం మధ్యలో కోసి అతికిస్తారు, అతుకు తెలుస్తూనే ఉంటుంది.

ఇంకో రకం దారి నటరాజ రామకృష్ణ గారిది. ఆడే సంప్రదాయం తెగిపోయిన చోట జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనీ పట్టుకుని పేరిణి అనే కాకతీయుల నాటి వీర నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. అక్కడ చిక్కు వేరు. శిల్పం ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. ఆ భంగిమలోకి ఎలా వచ్చారో, అందులోంచి ఎలా బయటపడ్డారో చెప్పదు. ఆ రెంటి మధ్య నడకని కూర్చేవాళ్లే కట్టాలి. శిల్పం చూసి కూర్చే ప్రతివాళ్లూ ఇది ఒప్పుకోవాలి, "యథాతథం" అని ప్రకటించకూడదు.

---

ఎత్తుగడ

దరువు గారూ, వాచికం (మాటతో చేసే అభినయం) మరిచారు. కూచిపూడిలో నర్తకి నోరు విప్పుతుంది. అది వదిలేసి భామాకలాపాన్ని రికార్డు మీద పెదవులాడిస్తూ నేర్పితే మిగిలేది సగమే. సత్యభామ మాటలో దీర్ఘం ఎక్కడ సాగుతుందో, ఒత్తు ఎక్కడ పడుతుందో అభినయం అక్కడే పుడుతుంది. తెలుగు సరిగా పలకలేని పిల్లలకి ముందు వచనం కంఠస్థం చేయించి, కూర్చోబెట్టి చదివించి, తర్వాతే నిలబెట్టాలి.

---

పద్దుపుస్తకం

డబ్బు, హక్కుల మాట.

క్లాసు ఫీజు మీద జీఎస్టీ: కళల శిక్షణ వ్యక్తిగా ఇస్తే మినహాయింపు ఉంది. 2022 జూలై 18 నుంచి ఈ మినహాయింపు వ్యక్తులకే. గొప్పగా ఉంటుందని కంపెనీ పెట్టి దాని పేరు మీద ఫీజు వసూలు చేస్తే అది పోతుంది, ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితే 18 శాతం కట్టాలి. ప్రదర్శన పారితోషికం విషయంలో, శాస్త్రీయ, జానపద కళాకారులకి ఒక్కో ప్రదర్శనకి లక్షన్నర దాకా మినహాయింపు. కానీ కార్పొరేట్ వేడుకకి నృత్యం కూర్చి ఇవ్వడం ప్రదర్శన కిందికి రాదు. రెండిటికీ వేరువేరు బిల్లులు రాయండి.

కూర్పుకి ధర చెప్పేటప్పుడు ఒక్క అంకె చెప్పి ఊరుకోవడం వల్లే గొడవలు. జతుల రచన, అడుగుల కూర్పు, నేర్పే గంటలు, రికార్డింగ్ రోజు హాజరు, ప్రదర్శన రోజు నట్టువాంగం, ఇవి ఐదు వేరు పనులు. కాగితం మీద ఐదూ వేరుగా రాసి, సాధన ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని గంటలు అన్నది కూడా రాయాలి. 10 నిమిషాల అంశం, ఆరుగురు నర్తకులు, అడుగులు ముందే వచ్చినవాళ్లయితే రెండేసి గంటల చొప్పున 12 సాధనలు నా అంచనా. పదమూడోదానికి రేటు ముందే రాసి ఉంటే ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.

హక్కులు: 1957 కాపీరైటు చట్టంలో నృత్య కూర్పు నాటక రచన కింద వస్తుంది. ఒక షరతు ఉంది: అది రాతలో గానీ మరోరకంగా గానీ స్థిరపడి ఉండాలి. మనసులో ఉంటే చాలదు. సొల్లులు, తాళం, పాదం, హస్తం, దిశ వరసగా రాసిపెట్టుకోవడం మేలు. రిజిస్ట్రేషన్ రుసుము 500 రూపాయలే. ఇవి కోర్టుల దాకా వెళ్లే సంగతులే. శివరామ కారంత్ రూపొందించిన యక్షగాన నృత్య నాటకాల హక్కుల వివాదం సుప్రీంకోర్టు వరకూ వెళ్లి 2009లో తేలింది.

పాటల దగ్గర ఒక పొరపాటు: "అన్నమయ్యకి హక్కులేమిటి?" అంటారు. మాటలకి లేవు. కానీ గత శతాబ్దంలో ఎవరో కట్టిన వరసకి ఉంటాయి, ఆ స్వరకర్త పోయాక 60 ఏళ్ల దాకా. రికార్డుకి వేరే ఉంటాయి.

---

అడుగుజాడ

గురువు దగ్గర నేర్చుకున్న అంశాన్ని తన క్లాసులో నేర్పితే?

---

దరువు

నేర్పడానికే కదా గురువు ఇచ్చింది. కరపత్రంలో, వ్యాఖ్యాత మాటలో "కూర్పు" అని గురువు పేరే రావాలి. రెండు జతులు మార్చినంత మాత్రాన అది మీ కూర్పు అయిపోదు. మార్చింది మీరైతే "జతులు" అని విడిగా వేసుకోండి, ఎవరూ కాదనరు. అడిగి మారిస్తే ఇంకా మంచిది.

---

డాలస్_మేళం

ఇక్కడి నుంచి రెండు సంగతులు. వేసవిలో శిబిరం పెట్టడానికి అమెరికా వచ్చేవాళ్లు సందర్శక వీసా మీద ఫీజు తీసుకుని నేర్పకూడదు. సాంస్కృతిక కళాకారులకి పీ-3 అనే వీసా ఉంది, అందులో ప్రదర్శనతోపాటు నేర్పడం కూడా వస్తుంది. పిలిచే సంస్థే దరఖాస్తు చెయ్యాలి. ఆ కళ విశిష్టత గురించి నిపుణుల లేఖలు, కార్యక్రమాల తేదీలు, ఒప్పందాలు జతపరచాలి. జూన్‌లో శిబిరం అయితే జనవరిలోనే కదలాలి. ఇక్కడే ఉండి చదవాలనుకునేవాళ్లకి సిలికానాంధ్ర విశ్వవిద్యాలయంలో కూచిపూడి కోర్సులున్నాయి.

రెండోది ఆన్‌లైన్. గురువు తట్టు ఇటు చేరేసరికి ఆలస్యం, పిల్ల అడుగు అటు చేరేసరికి మళ్లీ ఆలస్యం. ఈ రెండూ కలిసి తెర మీద ప్రతి పిల్లా తాళం తప్పినట్టే కనిపిస్తుంది. "వెనకబడ్డావు" అని దిద్దితే పిల్ల నిజంగానే ముందుకి పరుగెత్తడం నేర్చుకుంటుంది. దీనికి మందు: గురువు చెప్పడం ఆపి, పిల్ల తనే సొల్లు పైకి చెబుతూ ఆడాలి. అప్పుడు నోరూ కాలూ రెండూ ఒకే ఆలస్యంతో వస్తాయి, కలిశాయో లేదో తెలుస్తుంది. ఫోను మోకాలి ఎత్తులో, 8, 10 అడుగుల దూరంలో పెట్టించండి. బల్ల మీద పెడితే పాదాలు కనబడవు. ఎదురుగా చూపించేటప్పుడు నోటితో "కుడి" అంటూ మీరు ఎడమతో చెయ్యాలి. ఇది విడిగా సాధన చెయ్యాల్సిన విద్యే, మొదటి నెల ఎవరికైనా తడబాటే.

---

ఓరుగల్లు_పిలగాడు

పది క్లాసుకొస్తే పిల్లలందరు బందు వెడ్తున్నరు. గప్పుడు కిరాయి ఎట్ల కట్టాలె?

---

పద్దుపుస్తకం

అది తెలుగునాట ఏటా జరిగేదే, కాబట్టి ముందే లెక్కలో పెట్టాలి. తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలు మీ మొత్తంలో నాలుగోవంతు మించకుండా చూసుకోండి. చిన్నపిల్లల బ్యాచి ఏటా జూన్‌లో కొత్తది మొదలవ్వాలి. గది అద్దె 10 నెలల వసూళ్లతో 12 నెలలకి సరిపోయేలా వేసుకోవాలి, మార్చి, ఏప్రిల్ ఎలాగూ పలచబడతాయి. పది పిల్లలని పూర్తిగా వదిలెయ్యకుండా ఆదివారం ఒక గంట, సగం ఫీజు. ఆడకపోయినా పరవాలేదు, కూర్చుని నట్టువాంగం చెప్పించండి. ఇంటర్ అయ్యాక తిరిగి వచ్చేవాళ్లు ఎక్కువగా వీళ్లే. మీకు సహాయకులయ్యేదీ వీళ్లే.

---

కంచుతాళం

బాగుంది. ఆ ఆదివారం గంటకి నేను ఇచ్చే పాఠం: ఒకే బంధం, తాళాలు మార్చడం. ఆదిలో "తకిట తధిగిణతొం" 4 విరామంతో 32 అని చెప్పుకున్నాం కదా.

---

అడుగుజాడ

అదే బంధం మిశ్రచాపు తాళంలో పడుతుందా? ఆవర్తనం 14 మాత్రలు కదా, 8 మూడుసార్లంటేనే 24.

---

ఎత్తుగడ

రెండు ఆవర్తనాలు తీసుకోండి, 28. బంధం 8, విరామం 2. 24+4. రెండో "తకిట" 10 మాత్రలు గడిచాక, అంటే చాపులో రెండో సగం నడుస్తుండగా ఎత్తుకుంటుంది. పిల్లలు అక్కడే సమం అనుకుని బలంగా తొక్కుతారు. ఆ ఒక్క తట్టు మెత్తగా వేయించండి.